గండికోట అంచున వాతావరణ పద్దు

నవంబరు 23, అనూరాధ కార్తె. తెల్లారుజామున 5:50. రంగనాథస్వామి గుడి దాటి లోయ అంచు. గాలి వేడి 19 డిగ్రీలు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరులో 18. జేబురుమాలు పట్టుకుంటే కదల్లేదు. మబ్బు ఎనిమిది పాళ్లలో ఒక పాలు, తూర్పున దిగువకు. మూడు రోజుల కిందట ఒక పదును వాన. లోయలో నీళ్ల మీద పొగమంచు, అవతలి గట్టు కనపడటం లేదు. బండలు తడి, చెప్పులు జారుతున్నాయి.

కడప జిల్లా గండికోటలో తీసిన ఫోటో కింద నేను పెట్టే పద్దు ఇలా ఉంటుంది. ఫోటోలో లోయ కనిపిస్తుంది, పొద్దు కనిపిస్తుంది. ఆ పొద్దు ఏ నెలదో, ఆ పచ్చదనం ఎన్ని వానల తర్వాతదో, ఆ రోజు ఆ అంచున నిలబడటానికి వీలుందో లేదో ఫోటో చెప్పదు. హస్త కార్తెలో, అంటే అక్టోబరు మొదట్లో తీసిన పచ్చటి ఫోటో చూసి ఏప్రిల్‌లో పిల్లాపాపలతో మిట్టమధ్యాహ్నం కోటలో దిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు దొరికేది ఎండిన గడ్డి, కాలే బండ, మసకబారిన ఆకాశం. తేదీ లేని ఫోటో చేసే నష్టం అది. పద్దు లేకుండా ఫోటో పంచుకోకూడదని నాకు గట్టిగా అనిపించడం అక్కడే మొదలైంది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను.

పని ముందు రోజు సాయంత్రం మొదలవుతుంది. వాతావరణ శాఖ కడప సూచన చూస్తాను, రంగుల హెచ్చరిక చూస్తాను. పసుపు అయితే కళ్లు తెరిచి వెళ్లాలి. నారింజ అయితే లోయ అంచుకు పోను, కోట లోపలి గుళ్లు, మసీదు చూసి వచ్చేస్తాను. ఎరుపు అయితే ఇంట్లోనే. వాన అంకెల దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. వాతావరణ శాఖ ఒక తేదీకి చూపే వాన ఆ రోజు పొద్దున 8:30 గంటలకు ముగిసిన ఇరవై నాలుగు గంటలది. అంటే సోమవారం సాయంత్రం కురిసిన వాన మంగళవారం లెక్కలో కనిపిస్తుంది. "సోమవారం వాన సున్నా" అని చూసి బండలు పొడిగా ఉంటాయనుకుంటే, మంగళవారం పొద్దున్నే వెళ్లి జారిపడతారు. ఇంకో సంగతి: 2.5 మి.మీ. వాన పడితేనే అది వానపడిన రోజు కింద లెక్క. ఒకటి రెండు మి.మీ. చినుకులు ఆ లెక్కలోకి రావు గానీ బండ మీది దుమ్మును జిగట చేయడానికి అవే చాలు. 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం. అలాంటి వాన మర్నాడు కొండకు పోకండి, రెండు రోజులు ఆగండి.

కడప అంకె గండికోటకు సరిగ్గా సరిపోదు. జమ్మలమడుగులో కురిసి, పదిహేను కి.మీ. దూరంలో ఉన్న కోటలో చినుకు కూడా పడని రోజులు ఉంటాయి. అందుకే చివరి మాట ఊళ్లోవాళ్లది. కోట దారిలో గొర్రెల కాపరి కనపడితే అడుగుతాను.

"అన్నా, నిన్న పదునైందా?"

"యాడ పదునన్నా, దుమ్ము అణిగిందంతే."

ఈ ఒక్క మాటలో ఉన్న వివరం ఏ అంకెలోనూ ఉండదు. పదును అంటే నాగలి పడేంత, విత్తనం మొలిచేంత తడి. పదునైతే వాగులు కదులుతాయి, కాలిబాటలో బురద ఉంటుంది, రెండు మూడు తెల్లవారుజాముల దాకా పొగమంచుకు ఆశ ఉంటుంది. దుమ్ము అణిగిందంటే గాలి కడిగినట్టు ఉంటుంది, దూరపు కొండలు చక్కగా కనిపిస్తాయి, బాటలు పొడిగానే ఉంటాయి. ఫోటోకు రెండోదే మంచి రోజు. పద్దులో నేను ఈ రెండు మాటలనే రాస్తాను. మి.మీ. తెలిస్తే పక్కన వేస్తాను. మి.మీ. తెలుసుకోవడం కూడా కష్టమేమీ కాదు. నిటారు గోడలున్న స్టీలు గ్లాసును చెట్టూ గోడా దగ్గర లేని చోట, చుట్టూ రాళ్లు పెట్టి నిలబెట్టి, పొద్దున్నే అందులో నీళ్ల లోతును స్కేలుతో కొలిస్తే చాలు. లోతు పది మి.మీ. ఉంటే వాన పది మి.మీ. పైన వెడల్పు, కింద సన్నం ఉన్న గ్లాసు పనికిరాదు, లెక్క పెరిగి కనిపిస్తుంది.

రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో గానీ జమ్మలమడుగులో గానీ దిగుతారు. పొద్దు పొడుపు చూడాలంటే ఆ పొద్దున బయలుదేరితే అందదు. రాత్రికే గండికోటలో ఉండాలి. ఊరు కోట లోపలే ఉంది. ద్వారం దాటాక చార్మినార్ అని పిలిచే కట్టడం, జైలు, మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, ఆ తర్వాత రంగనాథస్వామి గుడి, ఆపైన బండలు. ఆగకుండా నడిస్తే ఇరవై నిమిషాలు. చీకట్లో టార్చి వేసుకుని రాళ్లు చూసుకుంటూ పోతే అరగంట పైనే. చీకట్లో ఫోను లైటు మీద ఆధారపడొద్దు. ఒక చెయ్యి ఫోనుకు పోతుంది, బండ ఎక్కేచోట రెండు చేతులూ కావాలి. తలకు కట్టుకునే టార్చి మంచిది. కాళ్లకు పట్టున్న బూట్లు. చెప్పులతో వస్తే పల్లేరు కాయలు అరికాలి దాకా దిగుతాయి.

ఇక లోయ అంచు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటు ఇది. నది ఇక్కడ మూడువందల అడుగుల వెడల్పుకు ఇరుక్కుపోతుంది. అంచున బండలన్నీ ఎవరో చెక్కి పేర్చినట్టు పలకలు పలకలుగా ఉంటాయి. దగ్గరగా చూస్తే ఆ అందం వెనకున్న ప్రమాదం కూడా తెలుస్తుంది. రాయి అడ్డంగా పొరలు పొరలుగా ఉంది, దానికి నిలువునా పగుళ్లు ఉన్నాయి. అడ్డపొర, నిలువు పగులు కలిసినచోట రాయి గది గదిగా విడిపోతుంది. ఏదో ఒక గది ఎప్పుడో కిందికి పోతుంది. పైనుంచి చూస్తే గట్టి నేలలా కనిపించే పలక కింద ఖాళీ ఉండొచ్చు. నేను చేసేది ఇది: అంచుకు రెండు మీటర్ల ముందే ఆగి, పలకకూ దాని వెనక రాయికీ మధ్య పగులు ఉందేమో చూస్తాను. పగులులో గడ్డి మొలిచి ఉన్నా, మట్టి లేకుండా చీకటి కనిపిస్తున్నా ఆ పలక మీద కాలు పెట్టను. వానాకాలం తర్వాత, పగుళ్లలో మట్టి కొట్టుకుపోయి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష మరీ ముఖ్యం. కూర్చుని తీసిన ఫోటోకూ నిలబడి తీసిన ఫోటోకూ తేడా తెలియదు, కాబట్టి అంచున కూర్చునే తీయండి. వెనక్కి అడుగులేస్తూ ఎవరికీ ఫోటో తీయొద్దు. ఇక్కడ జరిగే చెడు చాలావరకు ఆ వెనకడుగులోనే ఉంది.

బండలు తెల్లవారుజామున తడిగా ఉండటానికి వానే పడక్కర్లేదు. ఆకాశం మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి బండ తన వేడినంతా పైకి వదిలేసి గాలి కంటే చల్లబడుతుంది, దాని మీద మంచు చెమ్మ చేరుతుంది. పొద్దెక్కిన ముప్పావుగంటకు అది ఆరిపోతుంది. పది నిమిషాల ఫోటో కోసం ఆ ముప్పావుగంట ఆగలేకపోవడం వల్లే జారుళ్లు.

పొగమంచుకు కూడా ఇవే లక్షణాలు కావాలి. ముందు నేల తడిసి ఉండాలి, రాత్రి మబ్బు ఉండకూడదు, గాలి ఆగిపోవాలి. చల్లగాలి బరువు కాబట్టి చుట్టూ కొండల మీదినుంచి లోయలోకి దిగుతుంది. అక్కడ నీళ్లున్నాయి కాబట్టి తేమకు కొదవ లేదు. నవంబరు నుంచి జనవరి దాకా వాన వెలిసిన రెండో మూడో రోజు దీనికి మంచి అవకాశం. గాలి కొంచెం ఆడినా పొగమంచు నిలవదు. పై పద్దులో గాలి వేడికీ తడిగుడ్డ వేడికీ తేడా ఒక డిగ్రీ మాత్రమే ఉంది చూడండి. అంటే గాలిలో తేమ 90 శాతం దాకా ఉన్నట్టు. తేడా ఒకటి, రెండు డిగ్రీలు ఉంటే మంచు పట్టే గాలి. తేడా పది డిగ్రీలు ఉంటే, అంటే గాలి 30, తడిగుడ్డ 20 ఉంటే తేమ 40 శాతమే. దూరపు కొండలు స్పష్టంగా కనిపించే రోజు అది.

తడిగుడ్డ పద్ధతికి రెండు మామూలు థర్మామీటర్లు చాలు. ఒకదాని బల్బుకు పలచటి నూలుగుడ్డ చుట్టి మంచినీళ్లతో తడిపి, రెంటినీ రెండు మూడు నిమిషాలు విసనకర్రతో విసరాలి. అంకె దిగడం ఆగినప్పుడు చదవాలి. విసరకపోతే తడి అంకె తగినంత దిగదు, తేమ ఎక్కువ ఉన్నట్టు తప్పుగా వస్తుంది. వేడి కొలిచేటప్పుడు నేను మొదట్లో చేసిన తప్పు ఒకటుంది: థర్మామీటరును నీడలోనే పెట్టాను, కానీ బండ మీద పెట్టాను. మధ్యాహ్నం దాకా కాలిన బండ నీడ పడినా వేడి వదలదు. ఆ అంకె అసలు గాలి వేడి కంటే ఏడు డిగ్రీలు ఎక్కువ వచ్చింది. ఇప్పుడు ఛాతీ ఎత్తున, నీడలో, గోడకూ బండకూ ఒంటికీ దూరంగా దారంతో వేలాడదీసి పది నిమిషాలు ఆగుతాను. ఫోనులో కనిపించే డిగ్రీలు ఫోను కొలిచినవి కావు, ఆ ప్రాంతానికి లెక్కగట్టినవి. పద్దులో వాటిని రాస్తే "ఫోను అంకె" అని రాయండి, కొలిచినట్టు రాయకండి.

గాలిని అంకెల్లో కంటే కంటికి కనిపించే గుర్తుల్లో రాయడం మేలు. ఆకులు గలగలమంటే మెల్లగాలి. దుమ్మూ కాగితాలూ లేస్తుంటే గంటకు 20 నుంచి 28 కి.మీ. చిన్న చెట్లు ఊగుతుంటే 29 నుంచి 38. గొడుగు పట్టుకోలేకపోతే 39 పైమాట, ఆ గాలిలో అంచుకు పోను. దిక్కు రాసేటప్పుడు గాలి ఎటునుంచి వస్తుందో ఆ దిక్కు రాయాలి, ఎటు పోతుందో అది కాదు. పడమటి గాలి అంటే పడమటినుంచి వచ్చేది. మబ్బును ఎనిమిది పాళ్లుగా చూస్తాను. ఆకాశాన్ని మనసులో నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ సగం చేస్తే ఎనిమిది. ఎన్ని ముక్కలు నిండితే అన్ని పాళ్లు.

నీళ్లకు వేరే వరుస పెట్టాలి. దీన్ని చాలామంది వానతో కలిపేస్తారు. గండికోట లోయలో కనిపించే నీళ్లు అక్కడ కురిసిన వానవి కావు. కిందివైపు మైలవరం జలాశయం ఉంది, పైవైపు గండికోట జలాశయం ఉంది. మైలవరంలో నీళ్లు ఎంత నిలబెట్టారు, పైనుంచి ఎంత వదిలారు అన్నదాన్ని బట్టి లోయలో మట్టం మారుతుంది. నెలరోజులు చినుకు పడకపోయినా లోయ నిండుగా ఉండొచ్చు, వాన కురిసిన వారంలో అడుగున రాళ్లు కనిపించనూ వచ్చు. అందుకే నిండు లోయ ఫోటో పెట్టి "వానలు బాగా పడ్డాయి" అని రాస్తే తప్పు. నీళ్ల దగ్గరికి దిగాలనుకునేవాళ్లకు కూడా ఇదే కారణం చెబుతాను. మట్టం ఎప్పుడు పెరుగుతుందో ఆకాశం చూసి తెలియదు.

కొండవాగుల సంగతీ అంతే. లంకమల అడవిలో, నిత్యపూజకోన దారిలో, పాలకొండల్లో మీ నెత్తిన ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన వాగులోకి దిగుతుంది. నీళ్లలో ఉన్నట్టుండి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే, తేటనీళ్లు ఎర్రబడితే, మీరున్న గట్టుకే ఎత్తుకు పొండి, దాటే ప్రయత్నం చేయకండి. మోకాలి లోతు వేగపు నీళ్లు మనిషిని నిలవనివ్వవు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి ఈ జిల్లాలో అందరికీ గుర్తే. విశాఖ, అనూరాధ కార్తెలు మనకు చల్లటి నడక రోజులే గానీ, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజులు కూడా.

కార్తెల మాట ఎందుకంటారా? మా ప్రాంతంలో కాలానికి నెలల కంటే కార్తెలే దగ్గరగా అతుకుతాయి. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. మే 25 ప్రాంతాన రోహిణి వస్తుంది. అప్పటి బండ మీద మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. జూన్ 8 ప్రాంతాన మృగశిర, మొదటి ముంగారు వానలు, వాటితో ఉరుములు. ఆరుద్ర నుంచి పుష్యమి దాకా, అంటే జూన్ చివరినుంచి జులై అంతా పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. మబ్బులు పరిగెత్తుతుంటాయి, వాన మాత్రం అంతగా పడదు. పడమటి కనుమలు వాన పిండుకున్నాక మిగిలిన గాలి మనకొస్తుంది. ఈ నెలల్లో ట్రైపాడ్ నిలవదు. సంచిలో రాళ్లు వేసి దాని నడుమ వేలాడదీయాలి, దాని కాళ్లను మరీ పొడుగు లాగకూడదు. అయినా మబ్బు నీడలు లోయ మీద పాకుతుంటే చూడటానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం ఇదే. పుబ్బ, ఉత్తర, హస్త, అంటే ఆగస్టు చివరినుంచి అక్టోబరు పది దాకా అసలు వాన. ఏడాది మొత్తం వాన అనంతపురంలో 550 మి.మీ. ప్రాంతంలో, కడపలో 700 ప్రాంతంలో. అందులో పెద్ద వాటా ఈ నెలలదే. కొండ పచ్చబడేది అప్పుడు. చిత్త, స్వాతిలో గాలి ఈశాన్యానికి మళ్లుతుంది. ఫిబ్రవరి దాటితే గడ్డి ఎండి, గాలిలో దుమ్ము నిలిచి, అవతలి కొండలు మసకబారుతాయి. అప్పుడు నిప్పు రాజేయొద్దు, బీడీ సిగరెట్టు ఆర్పకుండా పారేయొద్దు.

పొద్దు పొడిచే చోటు కూడా ఏడాది పొడుగునా ఒకటి కాదు. జూన్‌లో సరిగ్గా తూర్పుకు 24 డిగ్రీలు ఎడమకు, అంటే ఈశాన్యం వైపు లేస్తుంది. డిసెంబరులో అంతే కుడికి, ఆగ్నేయం వైపు. రెంటికీ మధ్య 48 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది పది డిగ్రీలు, కాబట్టి దాదాపు ఐదు పిడికిళ్లు. జూన్ ఫోటో చూసి అదే బండ మీద డిసెంబరులో కూర్చుంటే పొద్దు కొండ పక్కనుంచి లేస్తుంది, లోయ మీదినుంచి కాదు. ముందు రోజు సాయంత్రమే తూర్పు చూసుకుని పిడికిళ్లతో కొలిచి చోటు ఎంచుకోండి. వేళ కూడా మారుతుంది. జూన్ మొదట్లో పొద్దు 5:45 కు పొడిస్తే, జనవరి మధ్యలో 6:45 కు. రంగు మాత్రం పొడుపుకు ఇరవై, పాతిక నిమిషాల ముందే మొదలవుతుంది. చాలామంది సరిగ్గా పొడుపుకు చేరి, మంచి వెలుగంతా పోగొట్టుకుంటారు. పొడిచాక మరో చిక్కు ఉంది. పై అంచు ఎండలో మెరుస్తుంటే లోయ అడుగు నల్లటి నీడలో ఉంటుంది. పొద్దు గంటకు 13, 14 డిగ్రీల లెక్కన పైకి లేస్తుంది కాబట్టి అడుగుకు వెలుగు దిగడానికి చాలాసేపు పడుతుంది. పలచటి మబ్బున్న రోజు ఈ చిక్కు లేదు. ఎర్రరాయి అసలు రంగు ఆ రోజే వస్తుంది. రంగు చాలలేదని ఫోనులో పెంచకండి. ఆ రాయి ఇటుక ఎరుపు, దానిమ్మ ఎరుపు కాదు.

పిడుగు గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరులో, మధ్యాహ్నం రెండు దాటాక ఇది అసలైన భయం. పొద్దున ఆకాశం నీలంగా ఉంటుంది. పదకొండుకు దూదిపింజలు పుడతాయి. ఒంటిగంటకు వాటిలో ఒకటి కాలీఫ్లవరులా పైపైకి ఉబ్బడం మొదలుపెడుతుంది. దాని తల చదునుగా పరుచుకుందంటే ఉరుముల మబ్బు తయారైనట్టే. ఆ తర్వాత గాలి ఉన్నట్టుండి ఆగి, ఎదురుదిక్కు నుంచి చల్లగా, దుమ్ముతో విసురుతుంది. ఆ చల్లగాలి తగిలిందంటే మీకు మిగిలింది నిమిషాలే. మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి, ఉరుము వినపడేదాకా ఎన్ని సెకన్లయితే దాన్ని మూడుతో భాగించండి, అన్ని కి.మీ. దూరం. ముప్పై సెకన్లలోపు ఉరుము వినపడితే అంచు దిగాల్సిందే. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. వాన వెలిసిందని బయటికొచ్చినప్పుడు కూడా పిడుగు పడొచ్చు. దామిని యాప్ 20, 40 కి.మీ. చుట్టూ పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది, కానీ లోయ దగ్గర సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, కళ్లే పెద్ద దిక్కు. ఒంటరి చెట్టు కిందికి, బురుజు మీదికి పోవద్దు. కారో బస్సో ఉంటే అద్దాలు ఎత్తి అందులో కూర్చోండి. అది దూరమైతే పల్లపు చోట కాళ్లు రెండూ దగ్గర పెట్టి గొంతుక్కూర్చోండి, నేల మీద పడుకోవద్దు, గుంపుగా ఉంటే విడివిడిగా జరగండి.

ఎండ సంగతి వేరు. గాలి వేడి 40 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. అలాంటి రోజు తొమ్మిదికల్లా నడక ముగించాలి. ఎండాకాలం గంటకు ముప్పావు లీటరు నీళ్లు మనిషికి. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఉప్పు తగ్గి తల తిరుగుతుంది. లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడు. తినడానికి బొరుగులు, వేయించిన శనక్కాయలు, బెల్లం. చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతుంటే, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డలు వేసి విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవడమే, తెలివిలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

అనంతపురం జిల్లా గుత్తి కొండకు ఈ పద్దే పట్టుకుపోతే లెక్కలు కొంచెం మారతాయి. గండికోటలో నడక చదును, గుత్తిలో అంతా ఎక్కుడు. చుట్టుపక్కల మైదానం మీద దాదాపు 300 మీటర్లు లేస్తుంది. చదునులో 5 కి.మీ. కు గంట, పైకి ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట అన్నది కొండెక్కేవాళ్ల పాత లెక్క. ఆ లెక్కన ఎక్కుడుకే అరగంట అదనం. మన ఎండకు మొత్తం మీద ఇంకో సగం కలుపుకోండి. ద్వారం తర్వాత ద్వారం దాటుకుంటూ పోయే దారిలో చెట్టునీడ తక్కువ, ద్వారాల కిందే నీడ. ఆ నీడల్లోనే ఆగి నీళ్లు తాగేలా నడక పంచుకోవాలి. పైన, గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం కొండ కొసన ఉంది, గాలి కొలవడానికి దానికి మించిన చోటు లేదు.

ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడుతుందన్న మాట గుత్తిలో మధ్యాహ్నం నిజం. 300 మీటర్లకు రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మాత్రం తలకిందులు కావచ్చు. రాత్రి చల్లబడ్డ గాలి జారి మైదానంలో నిలుస్తుంది, కింద ఊళ్లో వణుకుతుంటే కొండ మీద వెచ్చగా ఉంటుంది. ఆ పొద్దున పైనుంచి చూస్తే ఊరి పొగ ఒక ఎత్తు దాకా లేచి, అక్కడ గీత గీసినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. పొగ ఆగిన ఆ గీత దగ్గరే చల్లగాలి ముగిసి వెచ్చగాలి మొదలవుతుంది. ఇలాంటి ఫోటో కింద కింది డిగ్రీలు, పై డిగ్రీలు రెండూ రాయకపోతే దాని విలువ సగం పోతుంది.

గుత్తి కోటలో బావులు, కోనేర్లు ఉన్నాయని నీళ్లు మోయకుండా రావొద్దు. తొలకరి వాన మురికినంతా కడిగి వాటిలోకే చేరుస్తుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, మొదట పూడ్చింది గుత్తిలోనే. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నీళ్ల జాగ్రత్త అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

పంచుకునేటప్పుడు ఫోటో కింద నేను ఖాయంగా పెట్టేవి: తేదీ, కార్తె, వేళ, నిలబడిన చోటు, కెమెరా చూసిన దిక్కు, డిగ్రీలు, గాలి, మబ్బు, ముందటి మూడు రోజుల వాన, లోయ నీళ్లు, బాట ఎలా ఉంది. కొలిచినదాన్ని కొలిచానని, ఊళ్లో విన్నదాన్ని విన్నానని విడిగా రాస్తాను. అదే రాత్రి రాయాలి. రెండు రోజులు ఆగితే మెల్లగాలి కాస్తా పెనుగాలి అయిపోతుంది. వాన వల్ల వెనుదిరిగిన రోజు పద్దు కూడా పెట్టండి, ఫోటో లేకపోయినా సరే. వచ్చే ఏడాది అదే కార్తెలో బయలుదేరేవాళ్లకు పనికొచ్చేది అదే.

పెట్టకూడనిది ఒకటుంది. పక్షి గూళ్లు, ముఖ్యంగా లంకమల పొదల్లో తిరిగే కలివికోడి లాంటి వాటి ఆచూకీ. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలోనే మళ్లీ కనిపించింది. దాని చోటు ఫోటోలో చిక్కితే ఫోను అతికించే స్థలం వివరాన్ని తీసేసి మండలం పేరుతో ఆపేయాలి. ఆ అడవిలోకి అటవీశాఖ అనుమతితోనే పోవాలి. గండికోటలో డ్రోను ఎగరేయాలన్నా ముందే అనుమతి కావాలి. గోపురాల కింద, లోయ గోడలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే పొగ, అత్తరు వాసన, పెద్ద చప్పుడు ఏవీ ఉండకూడదు. పట్టు చూసిన చోటును మాత్రం పద్దులో తప్పకుండా రాయండి: "మాధవరాయ గోపురం, రెండో అంతస్తు కింద, తేనెపట్టు, ఇరవై అడుగుల దూరంలో ఉండండి" అన్నంత స్పష్టంగా.